కర్రపెండలము: ఒక దుంప, దాని పాకవిద్య



ఈ ఉపన్యాసము ఏ మహనీయుని పేర నెలకొల్పబడినదో ఆయన తమ జీవితమంతయు మెట్టపైరులను గురించి బోధించిన అధ్యాపకులు. ఆహ్వానపత్రముమీద తప్ప సభలో తమవారి పేరెత్తి పొగడరాదనియు, ఆ కాలమును విషయమునకే వెచ్చింపవలెననియు వారి కుటుంబమువారు నియమము పెట్టిరి. ఆ నియమమును మన్నించి నేరుగా విషయమునకు వచ్చుచున్నాను.

నేనెన్నుకొన్నది కర్రపెండలము. ఇది సభకు తగిన విషయమేనా యని కార్యదర్శిగారు మర్యాదగా సందేహించిరి. ఆ సందేహము న్యాయమైనదే. వరికి శాసనములలో చోటున్నది. గోధుమకు సామ్రాజ్యముల చరిత్రతో పొత్తున్నది. మిరియములకై సముద్రములు దాటిన ఓడల కథలు బడిపిల్లలకు కంఠస్థములు. మన్నులోని దుంపను మాత్రము చరిత్రకారుడు కరుణింపలేదు. కారణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. ధాన్యము ఒక్కమారుగా పండును, కళ్లములో రాశిగా కనబడును, కొలతకు లొంగును, గాదెలలో నిలువయుండును. కావున కరణమునకును, వానిపై అధికారికిని, ఆ అధికారి వ్రాతలను చదివి గ్రంథము రచించు పండితునకును దానియందు ఆదరము మెండు. దుంప అట్లుగాక, పండినను నేలలోనే దాగియుండి, కావలసిననాడు కావలసినంత త్రవ్వుకొనువారికి మాత్రమే దర్శనమిచ్చును. పన్నునకు చిక్కని పంటకు కవిలెకట్టలలో చోటు దొరకలేదు.

పురావస్తు శాస్త్రజ్ఞులకు సైతము ఇది చిక్కులు పెట్టిన మొక్క. ధాన్యపుగింజ మాడి బొగ్గయినను వేలయేండ్లు నిలుచును. దుంప కుళ్లి మన్నులో మన్నగును. అయినను జన్యుపరీక్షలవలన నేడు తెలియవచ్చిన దేమనగా, దక్షిణ అమెరికాలోని అమెజాను అడవులకు నైరుతి అంచున, ఇప్పటి బ్రెజిలు దేశపు రొండోనియా, మాటో గ్రాస్సో ప్రాంతములలో, నేటికిని అడవిమొక్కగా పెరుగుచున్న ఒక జాతినుండి దీనిని మానవులు వేలయేండ్లక్రిందటనే సాగులోనికి తెచ్చిరి. ఆముదము ఏ కుటుంబమునకు చెందినదో ఇదియు ఆ కుటుంబమునకే చెందినది. విత్తుపెట్టుటకు గింజ అక్కరలేదు. జానెడు కాడముక్క నాటినచో చాలును. కాబట్టి దుంప మొత్తము వండుకొని తినినను మరుసటి యేటి పంటకు లోటు రాదు. కరువునాడు విత్తనపుగింజలను తినవలసివచ్చిన సేద్యగాని దుఃఖము ఎరిగినవారికే ఈ గుణముయొక్క విలువ తెలియును.

కుళ్లిపోవు మొక్కకు సాక్ష్యము దొరకిన ఒక వింత సందర్భమును ఇచట కొంచెము వివరముగా చెప్పుట కనుమతింపుడు. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడారు దేశమున, క్రీ.శ. ఏడవ శతాబ్ది ప్రాంతమున ఒక అగ్నిపర్వతము ప్రేలగా హోయా దె సెరెన్ అను మయజాతివారి పల్లె బూడిదక్రింద పూడిపోయినది. 1976లో యంత్రముతో నేల చదును చేయుచుండగా ఇది బయటపడినది. పల్లెవారు ముందే పారిపోయిరి కాబోలు, శవములు దొరకలేదు. వారి ఇండ్లు, కుండలు, పెరటిమొక్కలు మాత్రము ఎక్కడివక్కడనే నిలిచినవి. వేడిబూడిద గట్టిపడినపిదప దానిలోని మొక్క కుళ్లిపోయి, మొక్క ఆకారమున గుల్ల మిగిలినది. అమెరికా ఆచార్యుడు పేసన్ షీట్సును ఆయన శిష్యులును ఆ గుల్లలలో దంతవైద్యులు వాడు సున్నపుముద్దను పోసి, అది గట్టిపడినపిమ్మట చుట్టునున్న బూడిదను తొలగించి చూడగా, 2007లో కర్రపెండలపు చాళ్లు, నాటిన కాడలు, దుంపలు రూపు చెడక ప్రత్యక్షమయినవి. చాళ్ల తీరునుబట్టి ఇది పెరటిలో ఎచటనో మొలచిన మొక్క కాదనియు, పొలమున శ్రద్ధగా వేసిన ముఖ్యమైన పైరనియు తేలినది. అంతవరకు మయజాతివారి ఆహారమనగా మొక్కజొన్నయే యని గ్రంథములు ఘోషించుచుండెను.

ఇక ఈ దుంపలోని విచిత్రమును చెప్పవలెను. ఇది విషము. దుంప కణములలో లినమారిన్ అను ఒక పదార్థమున్నది; కణముల గోడలలో దానిని విడగొట్టు ఎంజైమున్నది. దుంప చెక్కుచెదరక యుండునంతవరకు ఆ రెండును వేరువేరుగా నుండును. పురుగు కొరికినను, పంది త్రవ్వినను, కత్తి తగిలినను రెండును కలిసి హైడ్రోసయనిక్ ఆమ్లము పుట్టును. తీపిరకములలో ఇది కొద్దిగను, చేదురకములలో ప్రాణము తీయునంతగను ఉండును. తీపిరకములు దొరకుచుండగా అమెజాను ప్రజలు చేదురకములనే ఏల అంత విస్తారముగా పెంచిరని ప్రశ్నింపవచ్చును. పురుగును, ఎలుకయు, అడవిపందియు దానిజోలికి అంతగా రావు. తనపంటను తానే కాచుకొను పైరది. మనుష్యునకు మాత్రమే దానిని తినుటెట్లో తెలిసినచో, అది మనుష్యునకే దక్కును.

ఆ తెలియుటయే నేటి నా ఉపన్యాసమునకు ప్రధానవిషయము. అడవిపల్లెలలో స్త్రీలు దుంపల తొక్కుతీసి, ముండ్లపలకలమీద కోరి, ఆ కోరును టిపిటి యను అల్లికగొట్టములో కూరుదురు. టిపిటి నిలువెత్తున వెదురువంటి బద్దలతో ఏటవాలుగా అల్లిన పొడుగాటి సంచి. దానిని పైన కొమ్మకు వ్రేలాడగట్టి, అడుగుకొనకు కర్ర దూర్చి ఆ కర్రమీద కూర్చుండుదురు. బరువునకు సంచి సాగి సన్నమగుకొలది లోనిపిండిలోని రసము బద్దల సందులనుండి ధారగా కారును. కోరుటవలన పుట్టిన విషము కొంత ఆ రసముతో పోవును. మిగిలినది సుమారు 26 డిగ్రీల వేడికే ఆవిరియగు స్వభావము గలది కనుక పెనముమీద కాల్చునపుడు గాలిలో కలియును. కారిన రసమును పారబోయుదురా? లేదు. దానిని తేర్చి అడుగున నిలిచిన తెల్లని పిండిని తీసికొందురు. పైతేటను గంటలతరబడి కాచి కూరలలో పులుసుగా వాడుకొందురు. మాంసము చెడకుండ నిలువచేయుటకును గయానా దేశమున ఆ చిక్కనిరసమే సాధనము. రసాయనశాస్త్రమునకు పేరు పుట్టకముందే, అక్షరమెరుగని స్త్రీలు ఒకే దుంపనుండి రొట్టెను, పిండిని, పులుసును తీసి విషమును మాత్రము విడిచిపెట్టిరి. వారిలో ఒక్కరి పేరును మనకు తెలియదు. ఏ పరీక్షలో ఎందరు చనిపోయిరో అదియు తెలియదు.

1492లో కొలంబసు కరీబియను దీవులలో దిగినపుడు అచటివారు ఆయనకు పెట్టినది ఈ దుంపరొట్టెయే. కసాబె యను ఆ రొట్టె పలుచగా, ఎండిన అట్టవలె నుండును; తేమ తగులనిచో నెలలతరబడి చెడదు. గోధుమరొట్టె ఆ ఉష్ణదేశమున బూజుపట్టుచుండగా స్పానిషువారు దీనిని మూతి ముడుచుచునే తినిరి, ఓడలకెత్తిరి. 1519లో కోర్టెసు క్యూబానుండి మెక్సికోమీదికి దండెత్తి పోయినపుడు అతని సైనికుల సంబారములలో ఈ రొట్టెయే ముఖ్యము. ఆ రొట్టెను కాల్చి యిచ్చిన టైనోజాతివారు, ఇచ్చిన రెండుమూడు తరములలోపలనే వెట్టిచాకిరికిని, మశూచికిని ఆహుతియై దాదాపు నిశ్శేషులయిరి. బ్రెజిలులో పోర్చుగీసువారు ఈ పిండినే బస్తాలకెత్తి, ఆఫ్రికానుండి బానిసలను తెచ్చు ఓడలలో ఆ నిర్భాగ్యులకు దినవెచ్చముగా పెట్టిరి. ఆహారచరిత్రను రుచుల చరిత్రగా వ్రాయుట ఈనాటి వేడుక. ఈ దుంపవిషయమున నా కలము అట్లు సాగదు.

పదునారవ శతాబ్దిలో మొక్క ఆఫ్రికా పడమటితీరమును చేరినది. కాంగో, అంగోలా ప్రాంతములనుండి నదులవెంబడి లోపలికి ప్రాకినది. సారములేని నేలలో పెరుగును, వానతప్పినను చావదు, మిడుతలదండు ఆకునంతయు మేసిపోయినను నేలలోని దుంప నిలుచును, ఏడాది దాటినను త్రవ్వక విడిచిపెట్టవచ్చును. యుద్ధములలో ఊళ్లు విడిచి పారిపోయి తిరిగివచ్చినవారికి ధాన్యపుగాదె బూడిదగా కనబడెడిది, దుంప మాత్రము నేలలోనే వేచియుండెడిది. బెల్జియము ఏలిన కాంగోలో ప్రభుత్వము కరువునకు రక్షగా దీనిని నిర్బంధముగా కూడ నాటించినది. నేడు ప్రపంచపు పంటలో సగముకంటె ఎక్కువ ఆఫ్రికాదే. అందు నైజీరియాది ప్రథమస్థానము.

అయితే మొక్క ఓడయెక్కినంత సులభముగా పాకవిద్య ఓడ యెక్కలేదు. కొన్నిచోట్ల అది వచ్చినది, లేదా ప్రజలు స్వయముగా కనుగొనిరి. పశ్చిమాఫ్రికాలో గారి యను ఆహారమున్నది: దుంపను కోరి, గోతాలలో నింపి, పైన రాళ్లు పెట్టి కొన్నిదినములు పులియనిచ్చి, నీరంతయు కారినపిదప వెడల్పుపెనముమీద వేయింతురు. బ్రెజిలులో బానిసత్వమునుండి విముక్తులై పందొమ్మిదవ శతాబ్దిలో మాతృఖండమునకు తిరిగివచ్చిన కుటుంబములవారివలన ఈ విద్య అచట బాగుగా వ్యాపించినదందురు. కాంగోలో దుంపలను మడుగులలో నానవేసి పులియబెట్టుట అలవాటు. ఈ పనులన్నిటికిని కావలసినది కాలము. ఆకలిగొన్నవానికి లేనిదియు అదియే.

1938లో ట్రోలి యను వైద్యుడు కాంగోలోని క్వాంగో ప్రాంతమున ఒక వింతరోగమును వర్ణించెను. నిన్న నడచినవాడు నేడు లేవలేడు, రెండు కాళ్లును బిగుసుకొనిపోవును, మరల సడలవు. 1981లో మొజాంబికు దేశమున నంపులా మండలములో అదే రోగము వేయిమందికి పైగా సోకినది. వారిలో అధికసంఖ్యాకులు స్త్రీలును, పిల్లలును. అప్పుడచట పనిచేయుచుండిన స్వీడను వైద్యుడు హాన్స్ రోస్లింగును ఆయన సహచరులును విచారింపగా తేలిన దిది: అనావృష్టివలన తక్కిన పైరులన్నియు పోయి చేదుకర్రపెండలము మాత్రమే మిగిలినది, అనావృష్టిలో దానియందు విషము మరింత పెరుగును, ఎండబెట్టుటకు పట్టు వారములకొలది గడువు ఆగలేక జనులు సగముఎండిన దుంపనే దంచి తినిరి. సయనైడును నిర్వీర్యము చేయుటకు దేహమునకు గంధకముగల మాంసకృత్తులు కావలెను; చేపగాని, పప్పుగాని కంటికి కనబడని ఆ రోజులలో అవియు లేవు. దుంప చేసిన దోషమేమియు లేదు. అమెజాను స్త్రీ ఏ పనిని ఏ పూటయు మానలేదో ఆ పనిని ఆకలి మానిపించినది.

మొక్క ఒంటరిగా ప్రయాణించుటవలన మరియొక చిక్కు కూడ వచ్చినది. 1973లో దక్షిణ అమెరికానుండి ఒక పిండినల్లి కాంగోలో ప్రవేశించి, పదేండ్లలో ఖండము నడుమభాగమంతయు వ్యాపించి, చేలను మోళ్లు చేసినది. పుట్టినచోట ఆ నల్లిని అదుపులో నుంచు సన్నని కందిరీగ ఒకటి కలదు. అది మాత్రము ఓడ యెక్కలేదు. 1981లో పరాగ్వేలో అది కనబడగా, నైజీరియాలోని ఇబడానునగరమున నున్న అంతర్జాతీయ పరిశోధనాసంస్థ ద్వారా హాన్స్ హెరెన్ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ఆఫ్రికాలో పెంచి విడిచిపెట్టించెను. 1995లో ఆయనకు ప్రపంచ ఆహారబహుమానము లభించినది. 2020లో ఆ నల్లి కేరళమునకు వచ్చినది. రెండేండ్లకు కందిరీగను కూడ తెప్పించి తమిళనాట వదలిరి.

మన దేశమునకు ఈ దుంపను తెచ్చినవారు పోర్చుగీసులు. పదునేడవ శతాబ్దిలో మలబారుతీరమున అడుగుపెట్టినను చిరకాలము దానిని ఎవరును గణింపలేదు. 1880 మొదలు 1885 వరకు తిరువాన్కూరును ఏలిన విశాఖం తిరునాళ్ రామవర్మ మహారాజు దీనికి ఆదరము కలిగించెను. ఆయన దివాను మాధవరావుగారి శిష్యుడు, వృక్షశాస్త్రమున అభిరుచి గలవాడు. దక్షిణదేశమున ధాతకరువు జ్ఞాపకము ఇంకను ఆరని కాలమది. విషపుదుంప యని జనులు జంకగా, రాజే దానిని వండించి తాను భుజించి చూపెనని జనశ్రుతి కలదు. రాజుల దాతృత్వమును గూర్చిన జనశ్రుతులను నేను సాధారణముగా నమ్మను. ఇది మాత్రము నిజమైన బాగుండునని తోచును.

మలయాళులు దుంపను తీసికొని ఊరకుండలేదు. దానికి తగిన పాకమును కట్టిరి. తొక్కుతీసి ముక్కలుచేసి సమృద్ధిగా నీళ్లుపోసి ఉడికించి ఆ నీటిని వార్చివేయుట వారి వంటింటి శాసనము. ఆ నీటితోకూడ విషము పోవునని ఎవరును వారికి ఉపన్యసింపలేదు. పిదప కొబ్బరి, పచ్చిమిరప, పసుపు నూరి చేర్చి మెదిపి, ప్రక్కన కవళ్లచేపల పులుసు పెట్టుకొందురు. దుంపలో పిండిపదార్థము తప్ప మాంసకృత్తులు నూటికి రెండుపాళ్లు కూడ ఉండవు. ఆ లోటును చేప తీర్చును, చేపలోని గంధకము శేషించిన విషమును కూడ తీర్చును. నంపులాలో లేనిదియు, కొల్లములో ఉన్నదియు ఈ చేపయే. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమై బర్మాబియ్యము రాక నిలిచినపుడు, తన తిండిగింజలలో పెద్దభాగమును దిగుమతిచేసికొను తిరువాన్కూరు ఈ దుంపను నమ్ముకొని బ్రదికినది. పేదవాని కూడని తూలనాడుచుండినవారు కూడ ఆ యేండ్లలో దీనిని ముట్టిరి.

ఆ యేడాదియే మలయా పతనముతో మరియొక సరకు ఆగినది. సగ్గుబియ్యము అంతకుపూర్వము మలయానుండి, జావానుండి వచ్చెడిది. అది అచటి బురదనేలలలో పెరుగు ఒక తాటిజాతి చెట్టు బోదెలోని పిండి. దిగుమతి లేకపోగా సేలములో మాణిక్యం చెట్టియారు మొదలగు వర్తకులు కర్రపెండలపు పిండితో సగ్గుబియ్యము చేయ పూనిరి. మలయాలో ఆ పని చూచివచ్చిన పోపట్‌లాల్ షా వారికి తోడ్పడెను. మొదట అంతయు చేతిపని. తడిపిండిని గుడ్డ ఉయ్యాలలో పోసి ఊపగా ఊపగా పూసలు కట్టును. జల్లెడపట్టి, కొబ్బరినూనె రాచిన పెనముమీద వేయించి, ఎండబెట్టుదురు. తెలుగునాట జ్వరము తగ్గినవానికి జావగాచి పోయునదియు, పెండ్లిపాయసములో పొంగునదియు, వేసవిమేడలమీద వడియములుగా ఎండునదియు ఈ దుంపయే. ఏకాదశినాడు ధాన్యము నిషిద్ధమని దీనిని నిస్సంకోచముగా భుజించువారున్నారు. ధర్మశాస్త్రకారులకు ఈ మొక్కయే తెలియదు కనుక నిషేధించు అవకాశము వారికి లేకపోయినది. నేను ఆ విచారణలోనికి దిగను, నాకును పాయసము ప్రియము.

ఉమ్మడి తూర్పుగోదావరి మెట్టలో, పెద్దాపురము, సామర్లకోట, రంగంపేట, గండేపల్లి, జగ్గంపేట ప్రాంతములలోని ఎర్రనేలలు ఈ పైరునకు ఆంధ్రదేశమున ప్రధానస్థానములు. డెల్టాకు గోదావరిజలమిచ్చినట్లు మెట్టకు చిరకాలము ఎవరును ఇయ్యలేదు. వానపడిన నేలకు తొమ్మిదిపదినెలలు ఓర్చు పైరు కావలెను, ఇది ఓర్చినది. తిరువనంతపురమున శ్రీకార్యములో 1963లో వెలసిన కేంద్ర దుంపపంటల పరిశోధనాసంస్థ 1971లో విడుదలచేసిన హెచ్-165, హెచ్-226 రకములు తమిళనాట, మనయొద్దను మిల్లులకు ఆధారమైనవి. 1977లో ఆ సంస్థ ఒక రకమునకు శ్రీవిశాఖమని పేరిడి రాజుఋణము తీర్చుకొన్నది. మన రైతుఋణము మాత్రము తీరినట్లు లేదు. నేలలో నెలలు ఓర్చు దుంప పెరికిన రెండుమూడుదినములలో ఈనెలు నల్లబడి చెడిపోవును. లారీ మిల్లుగేటువద్ద నిలిచినపిమ్మట బేరమాడుటకు రైతునకు వ్యవధి యేది? ఈ ఒక్క వృక్షధర్మమువలననే ధర నిర్ణయించు పెత్తనము ఎల్లప్పుడును కొనువానిదైనది. రైతుసంఘములు మిల్లు పెట్టుకొననంతకాలము ఇది మారునని నాకు తోచదు.

మిల్లుషెడ్డులలో దుంపరాశి చుట్టును కూర్చున్న స్త్రీల పనిని మీరు చూచినారో లేదో. దుంపకు పైన కాగితమంత పలుచని గోధుమరంగు పొర, దానిక్రింద దళసరియైన తెల్లని బెరడు. ఎడమచేత దుంపనుపట్టి, చిన్నకత్తితో పొడవున ఒక్కగాటు పెట్టి, బొటనవ్రేలు దూర్చి త్రిప్పగా ఆ రెండుపొరలును కలిసి వలుపుగా ఊడివచ్చును. విషము ఎక్కువగా నుండునది ఆ బెరడులోనే. గాటు లోతైనచో పిండి నష్టము, తక్కువైనచో బెరడు ముక్కలుగా విరుగును. వారి కత్తి ఆ రెండింటి నడుమ తప్పిపోదు. ఏ దుంప చేదో వలుచునప్పుడే చెప్పగల వృద్ధలు వారిలో ఉందురు. ఇప్పుడు వలుచుయంత్రములు వచ్చుచున్నవి; రావలసినవే, ఆ పులిసిన నీటికంపులో నడుము వంచి కూర్చుండు పని ఎవరికిని కోరదగినది కాదు. కాని యంత్రము వచ్చిన మరుసటి తరమునకు ఈ చేతివిద్య తెలిసినవారుండరు.

ఈ సభలో వ్యవసాయకళాశాల విద్యార్థులు పలువురు కనబడుచున్నారు. వారితో ఒక్కమాట చెప్పి విరమింతును. సేలము పరిశ్రమ పుట్టుకను ఎవరో ఒకరు వ్రాసి పెట్టుటవలన ఇద్దరు వర్తకుల పేర్లయినను నేడు నేను చెప్పగలిగితిని. పెద్దాపురపు మెట్టలో మొదటి కాడను తెచ్చి నాటినదెవరు, తొలిమిల్లును నిలిపినదెవరు, మన్యములో దీనిని తినువారు ఎట్లు వండుకొందురు, ఎన్నినీళ్లు వార్చుదురు, ఏ రకమును పిల్లలకు పెట్టరు — ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలవారు ఇంకను ఉన్నారు, వారు వృద్ధులు. కార్తీకముతో దుంపలు పెరుకుట మొదలగును, మిల్లులు ఆడును. మీలో ఇద్దరుముగ్గురు ఒక నోటుపుస్తకము పట్టుకొని ఆ షెడ్డులకు వెళ్లుడు. యజమానిని తరువాత కలియవచ్చును, ముందుగా వలుచువారి ప్రక్కన కూర్చుండి, వారు చెప్పినది చెప్పినట్లు, వారి పేర్లతోసహా వ్రాసికొని రండు.